తొక్కో దళాలు: పసిఫిక్ యుద్ధం చివరి నెలల్లో జపాన్ ఆత్మాహుతి వ్యూహం

రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొచ్చిన రోజుల్లో, 1944 అక్టోబరు నుంచి 1945 ఆగస్టు దాకా, జపాన్ సైన్యమూ నౌకాదళమూ నడిపిన ఆత్మాహుతి దాడులను జపాన్‌లో ‘తొక్కో’ అంటారు. ప్రత్యేక దాడి అని దాని అర్థం. బాంబు కట్టిన విమానంతో పైలట్ నేరుగా శత్రునౌకను ఢీకొట్టే ‘కామికాజే’ పద్ధతి వీటిలో లోకానికి బాగా తెలిసినది. మనిషి లోపల కూర్చుని నడిపే టార్పెడో, మనిషి నడిపే రాకెట్ బాంబు, పేలుడు పదార్థం నింపిన ప్లైవుడ్ పడవ, వెదురుగడకు మందుపాతర కట్టుకుని సముద్రం అడుగున కాపు కాసే గజ ఈతగాడు, చివరికి ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక యమాతో ఆఖరి ప్రయాణం కూడా ఈ పేరు కిందికే వస్తాయి.

విమాన దాడుల్లోనే సుమారు 3,800 మంది జపాన్ పైలట్లు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పాతికేళ్ళు నిండనివాళ్ళు. వాళ్ళ దాడుల్లో చనిపోయిన మిత్రరాజ్యాల నావికులను చరిత్రకారులు 5,000 నుంచి 7,000 దాకా లెక్కగడతారు. ఇదంతా జపానీయుల వింత ఆవేశమనీ, చావంటే వాళ్ళకు లెక్కలేదనీ చెప్పే కథనాలు చాలాకాలం చెలామణి అయ్యాయి. నాటి పత్రాలు, చనిపోయినవాళ్ళ డైరీలు, బతికి బయటపడ్డవాళ్ళ మాటలు చదివితే వేరే సంగతి తేలుతుంది. విమానాలు, ఇంధనం, ఆరితేరిన పైలట్లు అన్నీ నిండుకున్న ఒక సైనిక నాయకత్వం ఓటమిని ఒప్పుకోవడానికి సిద్ధపడలేదు. ఆ లోటును పడుచువాళ్ళ ప్రాణాలతో పూడ్చాలని నిర్ణయించుకుంది.

నేపథ్యం

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద విరుచుకుపడ్డ నాటికి జపాన్ నౌకాదళ పైలట్లు ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు. ఏళ్ళ తరబడి శిక్షణ, దానికితోడు చైనా యుద్ధంలో గడించిన అనుభవం వాళ్ళది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది ఆ బలంలో ఒక చిన్న పాయ మాత్రమే. బంగాళాఖాతంలో ఆ దళాన్ని నడిపినవాడు వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా. రెండేళ్ళు తిరిగేసరికి, 1944 జూన్ 19, 20 తేదీల్లో, అదే ఒజావా ఫిలిప్పీన్ సముద్ర యుద్ధంలో మూడు పెద్ద విమానవాహక నౌకలను, నాలుగు వందలకు దగ్గరగా విమానాలను పోగొట్టుకున్నాడు. అమెరికన్ పైలట్లు ఆ పోరును టర్కీ కోళ్ళ వేటతో పోల్చుకున్నారు. జూలైలో సైపాన్ ద్వీపం జపాన్ చేజారింది. టోక్యో దాకా వెళ్ళి తిరిగి రాగల బి-29 బాంబర్లకు అక్కడ స్థావరం దొరికింది. జూలై 18న ప్రధాని హిదెకి తోజో రాజీనామా చేశాడు.

నౌకలను మళ్ళీ కట్టుకోవచ్చు, విమానాలను మళ్ళీ తయారు చేయవచ్చు. మంచి పైలట్‌ను తయారు చేయడానికి మాత్రం ఏళ్ళూ కావాలి, పెట్రోలూ కావాలి. జపాన్‌కు చమురు వచ్చేది నేటి ఇండోనేషియా దీవుల నుంచి. ఆ దారిలో అమెరికా జలాంతర్గాములు ట్యాంకర్లను ఒక్కొక్కటిగా ముంచుతూ వచ్చాయి. 1945 నాటికి కొత్త పైలట్ల శిక్షణ నూరు గంటలు దాటడమే గగనమైంది. అంత కొద్ది శిక్షణతో కదిలే నౌక మీద బాంబు వేసి, శత్రు యుద్ధవిమానాలను తప్పించుకుని, తిరిగొచ్చి డెక్ మీద దిగడం కుర్రవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. వెళ్ళినవాళ్ళలో చాలామంది ఎలాగూ తిరిగి రావడం లేదు, బాంబులూ తగలడం లేదు. ఎలాగూ పోయేవాళ్ళు నౌకను ఢీకొట్టి పోతే మేలు కదా అన్న వాదం సైనిక కార్యాలయాల్లో ఇక్కడి నుంచే మొదలైంది. లెక్క చూస్తే తప్పు దొరకదు. ఆ లెక్క వేస్తున్నవాళ్ళెవరూ విమానం ఎక్కబోవడం లేదు.

మాబలకాట్‌లో మొదలు

1944 అక్టోబరు 17న అమెరికా సేనలు ఫిలిప్పీన్స్‌లోని లేటే సింధుశాఖ ముఖద్వారంలో దిగడం మొదలుపెట్టాయి. అదేరోజు వైస్ అడ్మిరల్ తకిజిరో ఒనిషి అక్కడి నౌకాదళ విమానాల బాధ్యత తీసుకోవడానికి మనీలా చేరాడు. విమాన యుద్ధంలో ఆరితేరినవాడని పేరు, పెర్ల్ హార్బర్ పథకంలోనూ అతని చెయ్యి ఉంది. వచ్చి చూస్తే పనికొచ్చే విమానాలు నూరు కూడా లేవు. 19వ తేదీ రాత్రి మాబలకాట్ స్థావరంలో 201వ వైమానిక దళ అధికారులను కూర్చోబెట్టి తన ఆలోచన చెప్పాడు: జీరో విమానానికి 250 కిలోల బాంబు కట్టి అమెరికా విమానవాహక నౌకల డెక్‌లను ఢీకొట్టాలి. ఆ డెక్‌లు ఒక్క వారం పనిచేయకుండా పోతే చాలు, ఈలోగా జపాన్ యుద్ధనౌకలు లేటే చేరుకుంటాయి. అంటే మొదట అనుకున్నది వారం రోజుల ఏర్పాటు. అది పది నెలల విధానమై కూర్చుంది.

యుద్ధం తర్వాత చాలాకాలం ఇది ఒనిషి అప్పటికప్పుడు చేసిన ఆలోచన అనీ, పైలట్లు తమంతట తాము ముందుకొచ్చారనీ చెప్పుకున్నారు. పత్రాలు అలా చెప్పడం లేదు. మనిషి నడిపే టార్పెడో నమూనాకు నౌకాదళం 1944 ఫిబ్రవరిలోనే అనుమతి ఇచ్చింది. రాకెట్ బాంబు పని ఆగస్టులో మొదలైంది. దళాలకు పెట్టిన షికిషిమా, అసాహి అన్న పేర్లు టోక్యోలోని నౌకాదళ ప్రధాన కార్యాలయంలో తయారైన అక్టోబరు 13 నాటి తంతి ముసాయిదాలో కనిపిస్తాయి. ఒనిషి మాబలకాట్‌లో సమావేశం పెట్టడానికి ఆరు రోజుల ముందు మాట ఇది. కింది నుంచి పుట్టిన త్యాగంగా ప్రచారమైనది నిజానికి పై నుంచి దిగిన ఆజ్ఞ.

మొదటి దళానికి నాయకుడిగా లెఫ్టినెంట్ యుకియో సెకిని ఎంచారు. వయసు 23, అదే ఏడాది పెళ్ళయింది. డైవ్ బాంబర్ నడపడంలో శిక్షణ పొందినవాడు. నౌక మీద 500 కిలోల బాంబు వేసి తిరిగి రాగల తనలాంటివాణ్ణి చావమనే స్థితికొస్తే జపాన్‌కు ఇక దిక్కులేదని అతను అన్నట్టు, తాను వెళ్తున్నది భార్య కోసమని చెప్పినట్టు ఒక యుద్ధ విలేకరి తర్వాత రాశాడు. అక్టోబరు 25న సెకి దళం బయల్దేరింది. సమర్ ద్వీపం దగ్గర అమెరికా చిన్న విమానవాహక నౌక సెయింట్ లో డెక్ మీద ఒక జీరో కూలింది. కింద ఉన్న బాంబులు, టార్పెడోలు వరుసగా పేలి నౌక మునిగిపోయింది. ఈ వార్త విన్న చక్రవర్తి హిరోహితో, అంతదాకా వెళ్ళక తప్పలేదా, అయినా బాగా చేశారు అన్నాడని స్థావరాలకు కబురందింది. రెండో సగాన్ని సైన్యం మెచ్చుకోలుగా తీసుకుంది, మొదటి సగం గాలికి పోయింది.

ఎవరు వెళ్ళారు, ఎలా వెళ్ళారు

ఆ తర్వాత పైలట్లను ఎంచిన తీరు స్థావరానికో రకంగా ఉండేది. కొన్నిచోట్ల కాగితాలు పంచి, తీవ్రంగా కోరుకుంటున్నాను, కోరుకుంటున్నాను, కోరుకోవడం లేదు అన్న మూడింటిలో ఒకటి రాయమనేవాళ్ళు. కొన్నిచోట్ల అందరినీ వరుసలో నిలబెట్టి, ఇష్టమైనవాళ్ళు ఒక అడుగు ముందుకు వేయమనేవాళ్ళు. పక్కవాడు అడుగు వేస్తుంటే కదలకుండా నిలబడటం పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి సాధ్యమా? ఊళ్ళో తల్లిదండ్రులకు తలవంపులు, స్థావరంలో తన్నులు, ఎలాగూ మరో ప్రమాదకరమైన చోటికి బదిలీ, ఇవన్నీ అతనికి తెలుసు. ‘లేదు’ అని రాసినవాళ్ళ పేర్లు కూడా జాబితాలో కనిపించిన సందర్భాలను బతికినవాళ్ళు చెప్పారు.

సైనిక పాఠశాలల నుంచి వచ్చిన వృత్తి అధికారులను స్వదేశ రక్షణ కోసం దాచుకుని, విశ్వవిద్యాలయాల నుంచి తెచ్చిన విద్యార్థులను, పదిహేడు పద్దెనిమిదేళ్ళ బాల సైనికులను ముందుకు నెట్టడం ఈ వ్యవస్థలో అన్నిటికన్నా బాధపెట్టే విషయం. 1943 అక్టోబరులో సాహిత్యం, న్యాయశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదివే విద్యార్థులకు సైనిక సేవ నుంచి ఉన్న వాయిదా రద్దయింది. అక్టోబరు 21న టోక్యోలో మెయిజీ మందిరపు బయటి స్టేడియంలో, కురిసే వానలో, వేలమంది విద్యార్థులు తుపాకులు భుజాన వేసుకుని కవాతు చేశారు. విజ్ఞానశాస్త్రం, ఇంజినీరింగు చదివేవాళ్ళను ఆయుధాల తయారీకి పనికొస్తారని వదిలేశారు.

అలా వచ్చినవాళ్ళలో కెయియో విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్ర విద్యార్థి ర్యోజి ఉఎహారా ఒకడు. 1945 మే 11న, 22 ఏళ్ళ వయసులో, ఒకినావా సముద్రంలో చనిపోయాడు. ముందురోజు రాసిపెట్టిన కాగితంలో తాను స్వేచ్ఛావాదినని చెప్పుకున్నాడు. నిరంకుశ రాజ్యాలు కొంతకాలం వెలిగినా చివరికి ఓడక తప్పదనీ, ఇటలీ, జర్మనీల పతనమే అందుకు రుజువనీ రాశాడు. సైనిక తనిఖీ కంట పడకుండా బయటికి చేరబట్టి ఆ కాగితం మిగిలింది. తనిఖీ దాటి ఇళ్ళకు వెళ్ళిన ఉత్తరాల్లో మాత్రం దేశం కోసం నవ్వుతూ పోతున్నాను అన్న ధోరణే ఎక్కువ. ఆ రెండు రకాల రాతలనూ పక్కపక్కన పెట్టి చదవకుండా ఈ పైలట్ల మనసు గురించి తీర్పు చెప్పడం అన్యాయం. మనస్ఫూర్తిగా నమ్మి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, తప్పక వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఒకే మనిషిలో రెండూ ఉండటమూ కద్దు. అప్పుడు జపాన్ పాలనలో ఉన్న కొరియా నుంచి వచ్చిన యువకులు కూడా చనిపోయినవాళ్ళలో ఉన్నారు.

సైన్యంలో మొదటి ఆత్మాహుతి దళాలైన బందా, ఫుగాకు 1944 నవంబరులో ఫిలిప్పీన్స్‌లో రంగంలోకి దిగాయి. బందా దళం విమానాలకు బాంబులు జారవిడిచే ఏర్పాటు తీసేశారు. ముక్కు దగ్గర నుంచి పొడవాటి కడ్డీలు మాత్రం బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. దేన్ని తాకినా బాంబు పేలాలని. దళనాయకుడు కెప్టెన్ మసుఓమి ఇవామొతో చాటుగా ఆ విమానాలను మార్పించి బాంబు వదలడానికి వీలు కల్పించాడు. నౌకను ముంచడం పని, చావడం కాదు అన్నది అతని పట్టుదల. మొదటి దాడికి ముందే అతను అమెరికా విమానాల కాల్పుల్లో చనిపోయాడు. అతని కింది సైనికుడు తొమోజి ససాకి ఆ మాటను పట్టుకుని తొమ్మిదిసార్లు బయల్దేరాడు, తొమ్మిదిసార్లూ తిరిగొచ్చాడు. మొదటిసారే అతను యుద్ధనౌకను ముంచి వీరమరణం పొందాడని ప్రభుత్వం ప్రకటించేసింది. బతికున్నవాడు ఆ ప్రకటనను అబద్ధం చేస్తున్నాడు కాబట్టి, ఈసారైనా చచ్చి తీరాలని పై అధికారులు అతన్ని గద్దించేవాళ్ళు.

ఇక పంపినవాళ్ళ సంగతి. ఫిలిప్పీన్స్‌లో నాలుగో వైమానిక సైన్యానికి అధిపతి అయిన క్యోజి తొమినగ, చివరి విమానంలో నేనూ వస్తానని కుర్రవాళ్ళకు మాటిచ్చి సాగనంపేవాడు. 1945 జనవరిలో తన సైన్యాన్ని లూజాన్‌లో వదిలేసి తైవాన్‌కు వెళ్ళిపోయాడు. ఒకినావా దాడులు నడిపిన ఆరో వైమానిక సైన్యపు అధిపతి మిచియో సుగవర కూడా అలాంటి మాటే ఇచ్చాడు. 1983 దాకా బతికాడు. ఇంజిన్ చెడిపోయో, లక్ష్యం కనపడకో తిరిగొచ్చిన పైలట్లను సైన్యం ఫుకుఒకాలోని షింబు వసతి గృహంలో నిర్బంధించి, ప్రాణభీతి పట్టినవాళ్ళని తిట్టి కొట్టింది.

ఎదురు చెప్పిన అధికారులు కొందరున్నారు, కొందరే. నౌకాదళంలో తదాషి మినోబె 1945 ఫిబ్రవరి సమావేశంలో లేచి, నెమ్మదిగా ఎగిరే శిక్షణ విమానాలతో కుర్రవాళ్ళను పంపడం అర్థంలేని పని అన్నాడు. ఒక్క జీరోలో తాను ఎదురొస్తే వాటినన్నిటినీ కూల్చగలనని పై అధికారుల ముఖం మీదే చెప్పాడు. అతని ఫుయో దళాన్ని ఆత్మాహుతి నుంచి మినహాయించారు. రాత్రిపూట దాడుల్లో శిక్షణ పొంది ఆ దళం యుద్ధం ముగిసేదాకా పోరాడింది. వేరే దారి ఉందని దీనివల్ల తెలుస్తోంది కాబట్టి, వేరే దారి లేక ఇలా చేశామన్న వాదన నిలవదు.

ఓకా

ఓకా అంటే చెర్రీ పువ్వు. శొఇచి ఓతా అనే చిన్న అధికారి ఆలోచనతో యొకొసుకా ప్రయోగశాలలో తయారైన ఈ ఆయుధం, రెక్కలు తగిలించిన 1,200 కిలోల బాంబు. వెనుక మూడు రాకెట్లు, మధ్యలో మనిషి కూర్చునే తొట్టి. నేల మీద నుంచి ఎగరలేదు, దిగడానికి చక్రాలూ లేవు. మిత్సుబిషి జి4ఎం బాంబర్ పొట్ట కింద తగిలించుకుని తీసుకెళ్ళి, లక్ష్యానికి 35 కిలోమీటర్ల దూరంలో వదలాలి. చివరి దూకుడులో గంటకు 900 కిలోమీటర్లు దాటే దాని వేగాన్ని ఆపగల ఫిరంగి లేదు. లోపం దాన్ని మోసే విమానంలో ఉంది. రెండు టన్నుల బరువుతో ఈడ్చుకుంటూ వెళ్ళే బాంబర్‌ను అమెరికా యుద్ధవిమానాలు ఆ దూరానికి చేరకముందే పట్టుకునేవి.

1945 మార్చి 21న జరిగింది ఇదే. గొరో నొనక నాయకత్వంలో 18 బాంబర్లు బయల్దేరాయి. తోడు వెళ్ళాల్సినన్ని యుద్ధవిమానాలు లేవని ముందే తెలుసు, నొనకకు ఈ పద్ధతి మీద నమ్మకమూ లేదు. ఒక్క ఓకా అయినా లక్ష్యం చేరకముందే 18 బాంబర్లూ కూలిపోయాయి. ఏప్రిల్ 12న ఒక ఓకా అమెరికా డిస్ట్రాయర్ మ్యానర్ట్ ఎల్. ఏబెల్‌ను ముంచింది. యుద్ధం మొత్తంలో చెప్పుకోదగిన ఫలితం దాదాపు అదొక్కటే. అంతకుముందు 1944 నవంబరు 29న, కొత్త విమానవాహక నౌక షినానో అమెరికా జలాంతర్గామి ఆర్చర్‌ఫిష్ టార్పెడోలకు మునిగినప్పుడు, అది మోసుకెళ్తున్న 50 ఓకాలు కూడా సముద్రం పాలయ్యాయి.

కైటెన్, షిన్యో, ఫుకుర్యూ

జపాన్ నౌకాదళానికి 93వ రకం టార్పెడో గర్వకారణం. ఆక్సిజన్‌తో నడిచే ఆ టార్పెడోకు సాటి మరే దేశంలోనూ లేదు. దగ్గరి నుంచి సముద్రపు పోరు చేసే అవకాశాలు పోయాక అవి గోదాముల్లో మిగిలిపోయాయి. వాటిని నిలువుగా సాగదీసి మధ్యలో మనిషి కూర్చునేలా మార్చిందే కైటెన్. పొడవు దాదాపు 15 మీటర్లు, ముందుభాగంలో 1,550 కిలోల పేలుడు పదార్థం. హిరోషి కురొకి, సెకిఒ నిషిన అనే ఇద్దరు యువ అధికారులు దీని కోసం పట్టుబట్టారు. 1944 సెప్టెంబరులో ఒత్సుషిమా ద్వీపం దగ్గర శిక్షణలో కైటెన్ సముద్రపు అడుగు బురదలో కూరుకుపోయి కురొకి ఊపిరాడక చనిపోయాడు. లోపల గాలి అయిపోతున్నంతసేపూ యంత్రంలోని లోపాలు రాస్తూనే ఉన్నాడు. నవంబరు 20న నిషిన అతని అస్థికలు వెంటబెట్టుకుని ఉలిథి లంగరుచోటులో జరిగిన మొదటి దాడికి వెళ్ళాడు. చమురు నౌక మిస్సిసినెవా మునిగింది, 63 మంది అమెరికన్లు చనిపోయారు.

ఆ తర్వాత కైటెన్ సాధించినది తక్కువ. 1945 జూలై 24న డిస్ట్రాయర్ ఎస్కార్ట్ అండర్‌హిల్ మునిగి 112 మంది చనిపోవడం దాని పెద్ద విజయం. మనిషికి నీటిలో దారి కనపడదు, పెరిస్కోప్ పైకెత్తితే శత్రువుకు కనపడతాడు. వాటిని మోసుకెళ్ళిన జలాంతర్గాములు లోతుకు మునగలేక శత్రువుకు చిక్కాయి, ఎనిమిది పోయాయి. జూలై 30న అమెరికా క్రూయిజర్ ఇండియానాపొలిస్‌ను ముంచిన ఐ-58 జలాంతర్గామి మీద కైటెన్లు ఉన్నాయి. కెప్టెన్ మొచిత్సుర హషిమొతో వాటిని వాడలేదు, మామూలు టార్పెడోలే వాడాడు. అవే సరిపోయాయి.

షిన్యో ప్లైవుడ్‌తో చేసిన చిన్న మోటారు పడవ. ముందుభాగంలో పావు టన్ను పేలుడు పదార్థం. ఆరు వేలకు పైగా తయారు చేసి ఫిలిప్పీన్స్, తైవాన్, ఒకినావా, జపాన్ తీరాల గుహల్లో దాచారు. దళాల్లో చాలామంది దాడి దాకా వెళ్ళకుండానే, వాళ్ళను తీసుకెళ్తున్న రవాణా నౌకలు మునిగి చనిపోయారు. అమామి దీవుల్లోని కకెరోమాలో ఒక షిన్యో దళానికి నాయకుడైన తొషిఒ షిమఒ 1945 ఆగస్టు 13న సిద్ధంగా ఉండమన్న ఆజ్ఞ అందుకున్నాడు, బయల్దేరమన్న ఆజ్ఞ రాలేదు. తర్వాత ప్రసిద్ధ రచయిత అయ్యాడు. ఆ నిరీక్షణే అతని రచనలకు ఊట.

అన్నిటికన్నా దారుణమైనది ఫుకుర్యూ. గజ ఈతగాళ్ళు సముద్రం అడుగున నిలబడి, పైన వెళ్ళే పడవల అడుగుకు వెదురుగడ చివర కట్టిన 15 కిలోల మందుపాతర తాకించాలి. వదిలిన శ్వాసను శుద్ధి చేయడానికి కాస్టిక్ సోడా డబ్బా వీపున ఉండేది. డబ్బాలో నీరు చేరితే ఆ మంట నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది. ఎగరడానికి విమానాలు లేక మిగిలిపోయిన శిక్షణ పైలట్లనే దీనికి మళ్ళించారు. యుద్ధంలో ఒక్కసారి కూడా వాడలేదు, శిక్షణలోనే ఎంతోమంది చనిపోయారు. ఒకరి మందుపాతర పేలితే నీటి ఒత్తిడికి పక్కనున్నవాళ్ళూ చనిపోతారన్న సంగతి ఆ పథకం వేసినవాళ్ళకు తెలియనిది కాదు.

ఒకినావా

1945 ఏప్రిల్ 1న అమెరికా సేనలు ఒకినావాలో దిగాయి. ఏప్రిల్ 6 నుంచి జూన్ 22 దాకా జపాన్ పది పెద్ద దాడులు చేసింది. వాటికి పెట్టిన పేరు కికుసుయి, అంటే నీటి మీద తేలే చామంతి. క్యూషూ దక్షిణ కొనన ఉన్న కనొయ నుంచి నౌకాదళ విమానాలు, చిరన్ వంటి స్థావరాల నుంచి సైన్యపు విమానాలు బయల్దేరేవి. చిరన్‌లో వాళ్ళ పక్కలు పరచడం, బట్టలు ఉతకడం స్థానిక బాలికల పాఠశాల విద్యార్థినుల పని. వీడ్కోలుకు చెర్రీ కొమ్మలు ఊపుతున్న ఆ అమ్మాయిల ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. పొద్దున ఎవరికి బట్టలు మడిచి ఇచ్చారో సాయంత్రానికి వాళ్ళుండేవాళ్ళు కాదు.

దెబ్బ ఎక్కువగా తిన్నది ద్వీపం చుట్టూ రాడార్ కాపలా కాసే అమెరికా డిస్ట్రాయర్లు. ఏప్రిల్ 16న లాఫీ అనే డిస్ట్రాయర్ మీదికి 22 విమానాలు వచ్చాయి. ఆరు ఢీకొట్టాయి, నాలుగు బాంబులు తగిలాయి, 32 మంది చనిపోయారు. నౌక మాత్రం మునగలేదు. మే 11న విమానవాహక నౌక బంకర్ హిల్‌ను రెండు విమానాలు ఢీకొట్టినప్పుడు సుమారు 390 మంది చనిపోయారు. ఒకినావా యుద్ధం మొత్తంలో అమెరికా నౌకాదళం 36 నౌకలు పోగొట్టుకుంది, 368 దెబ్బతిన్నాయి, 4,900 మందికి పైగా నావికులు చనిపోయారు. వీటిలో అత్యధిక భాగం ఆత్మాహుతి దాడుల ఫలితమే.

ఇంత చేసినా పెద్ద విమానవాహక నౌక ఒక్కటి కూడా మునగలేదు. దానికి భౌతిక కారణం ఉంది. పైనుంచి వదిలిన బాంబు సూటిగా, వేగంగా పడి డెక్ చీల్చుకుని లోపలికి దిగుతుంది. విమానానికి రెక్కలుంటాయి, గాలి దాన్ని పైకి లేపుతూనే ఉంటుంది. వేగం తగ్గుతుంది, ఢీకొన్న దెబ్బ పైపైనే పేలి మంటలు రేపుతుంది. అమెరికా నౌకల డెక్‌లు చెక్కవి కాబట్టి ఎక్కువ నష్టం. బ్రిటిష్ నౌక ఫార్మిడబుల్ ఉక్కు డెక్ మే నెలలో రెండుసార్లు దెబ్బ తిని కూడా త్వరగానే పనిలోకి వచ్చింది. ఆత్మాహుతి విమానాలు ముంచిన విమానవాహక నౌకలు మూడు: సెయింట్ లో, ఒమానీ బే, బిస్మార్క్ సీ. మూడూ చిన్నవే. బయల్దేరినవాటిలో లక్ష్యాన్ని తాకినవి, లెక్క వేసే పద్ధతిని బట్టి, 14 నుంచి 19 శాతం.

ఏప్రిల్ 6న యమాతో యుద్ధనౌక, క్రూయిజర్ యహగి, ఎనిమిది డిస్ట్రాయర్లతో ఒకినావాకు బయల్దేరింది. పైన రక్షణకు విమానాలు లేవు. దళాధిపతి సెఇచి ఇతొ మొదట ఒప్పుకోలేదు. పది కోట్ల ప్రజల ఆత్మార్పణకు మీరు ముందు నడవాలి అని అధికారులు చెప్పాక సరేనన్నాడు. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటల పాటు అమెరికా విమానాలు అలలు అలలుగా వచ్చి కొట్టాయి. యమాతోలోని 3,332 మందిలో 3,055 మంది చనిపోయారు. అమెరికా పోగొట్టుకున్నది 10 విమానాలు, 12 మంది మనుషులు. యుద్ధపరంగా ఏ ప్రయోజనమూ లేదని ఆజ్ఞ ఇచ్చినవాళ్ళకూ తెలుసు. సైన్యపు కుర్రవాళ్ళు చస్తుంటే నౌకాదళపు పెద్ద నౌక రేవులో కూర్చుందన్న మాట పడకూడదన్నదే అక్కడ పనిచేసిన ఆలోచన.

నేల మీద ఒకినావా ప్రజల పరిస్థితి ఇంకా ఘోరం. జపాన్ సైన్యం వాళ్ళను చివరిదాకా యుద్ధంలోకి లాగింది. హిమెయురి దళం పేరుతో గుహల్లోని సైనిక ఆస్పత్రులకు పంపిన 240 మంది విద్యార్థినులు, ఉపాధ్యాయుల్లో 136 మంది చనిపోయారు. తొకషికి ద్వీపంలో శత్రువుకు చిక్కడం కన్నా చావడం మేలని నూరిపోసి, గ్రెనేడ్లు పంచగా, కుటుంబాలకు కుటుంబాలే ఒకరినొకరు చంపుకున్నాయి. ద్వీపవాసుల్లో దాదాపు నాలుగో వంతు ఈ యుద్ధంలో పోయారు.

అమెరికా ఎదురు చర్యలు

కామికాజే వార్తలను అమెరికా నౌకాదళం ఆరు నెలల పాటు బయటికి పొక్కనివ్వలేదు. ఏ నౌక దెబ్బతిందో జపాన్‌కు తెలియకూడదన్నది కారణం. 1945 ఏప్రిల్ నడుమ ఆ నిషేధం ఎత్తేసినప్పుడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మరణవార్తలో ఇది మరుగున పడింది. సముద్రంలో రాడార్ నౌకలను దూరంగా నిలిపారు, వాటిపైన పగలంతా యుద్ధవిమానాలను తిప్పారు, లక్ష్యం దగ్గరికి రాగానే దానంతట అదే పేలే గుండ్లను వాడారు. జపాన్ చివరికి చెక్క, గుడ్డతో చేసిన పాత శిక్షణ విమానాలు పంపడం మొదలుపెట్టాక ఈ గుండ్లు వాటి మీద సరిగా పనిచేయలేదు. జూలై 29న కాలహన్ డిస్ట్రాయర్‌ను ముంచింది అలాంటి రెండు రెక్కల విమానమే.

జపాన్ నగరాల మీద అమెరికా సాగించిన యుద్ధమూ హద్దులు దాటింది, ఆ మాట దాచకూడదు. మార్చి 9-10 రాత్రి 279 బి-29లు టోక్యో తూర్పు పేటల మీద నాపామ్ కుమ్మరించి సుమారు లక్ష మందిని కాల్చి చంపాయి. జూన్ 18న అధ్యక్షుడు ట్రూమన్ క్యూషూ దండయాత్ర మీద చర్చ పెట్టినప్పుడు ఒకినావా ప్రాణనష్టం అందరి నోటా నలిగింది. తొక్కో దాడులతో శత్రువును భయపెట్టి మంచి షరతులు రాబట్టాలని జపాన్ నాయకులు ఆశించారు. భయం కలిగింది. ఆ భయం షరతులకు కాకుండా మరింత పెద్ద బాంబులకు దారి చూపింది.

బెలూన్ బాంబులు

ఆత్మాహుతి కాకపోయినా అదే తెగింపుతో పుట్టిన, పైలట్ లేని ఆయుధం కూడా ఒకటుంది. వాతావరణ శాస్త్రజ్ఞుడు వసబురొ ఒఇషి 1920లలో కనిపెట్టిన, ఆకాశంలో ఎత్తున తూర్పుగా వీచే బలమైన గాలిని ఆధారం చేసుకుని, సైన్యం 1944 నవంబరు నుంచి 1945 ఏప్రిల్ దాకా సుమారు 9,300 హైడ్రోజన్ బెలూన్లను అమెరికా వైపు వదిలింది. వాషి కాగితం పొరలను కొన్యాకు దుంప పిండితో అతికించి వీటిని తయారు చేసింది ఎక్కువగా బడిపిల్లలే. పగలు రాత్రుల మధ్య ఎత్తు మారితే ఇసుక సంచులను దానంతట అదే జారవిడిచే పరికరం వీటికి ఉండేది. మే 5న ఒరెగాన్‌లోని బ్లై దగ్గర అడవిలో పడి ఉన్న ఒక బెలూన్ పేలి గర్భిణి, ఐదుగురు పిల్లలు చనిపోయారు. దీని వల్ల కలిగిన ప్రాణనష్టం అంతే.

ముగింపు రోజులు, తర్వాతి కాలం

1945 జూన్‌లో వచ్చిన చట్టం 15 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళను, 17 నుంచి 40 ఏళ్ళ ఆడవాళ్ళను పోరాట దళాల్లో చేర్చింది. ఊళ్ళలో వెదురు బల్లేలతో కసరత్తు నేర్పారు. విమానాలకు నూనె తీయడానికి పిల్లల చేత పైన్ చెట్ల వేర్లు తవ్వించారు. ఈ సన్నద్ధతకు పని పడకుండానే ఆగస్టు 15 మధ్యాహ్నం చక్రవర్తి లొంగుబాటు ప్రసంగం రేడియోలో వినిపించింది. అది విన్న తర్వాత కూడా, కికుసుయి దాడులు నడిపిన వైస్ అడ్మిరల్ మతొమె ఉగకి ఒఇతా నుంచి 11 విమానాలతో చివరి దాడికి బయల్దేరి, యుద్ధం ముగిసిన దేశంలో మరికొందరు యువకులను తన వెంట చావుకు తీసుకెళ్ళాడు. మర్నాడు ఒనిషి కత్తితో పొట్ట చీల్చుకున్నాడు. తల నరికి బాధ తగ్గించే సాయం వద్దని, గంటల తరబడి కొట్టుకుని చనిపోయాడు. రాసిపెట్టిన కాగితంలో పైలట్ల ఆత్మలకు, వాళ్ళ కుటుంబాలకు క్షమాపణ చెప్పాడు. ఆజ్ఞలిచ్చిన పెద్దల్లో ఆ మాట అన్నవాళ్ళు అరుదు.

చిరన్‌లోని శాంతి స్మారక ప్రదర్శనశాలలో ఒకినావా దాడుల్లో చనిపోయిన 1,036 మంది సైన్యపు పైలట్ల ఫోటోలు, వాళ్ళ ఉత్తరాలు ఉన్నాయి. ఆ ఉత్తరాలను యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చాలని 2014లో స్థానిక మినమిక్యూషూ నగరం కోరింది. చైనా అభ్యంతరం చెప్పింది. జపాన్‌లోని ఎంపిక సంఘం కూడా ఆ ప్రతిపాదనను ముందుకు పంపలేదు. తొమోజి ససాకి 1946లో ఇల్లు చేరాడు, హొక్కైదోలో సేద్యం చేసుకుని 2016లో కన్నుమూశాడు. తిరిగొచ్చినవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి నోరు విప్పలేదు. షింబు వసతి గృహం సంగతి జపాన్ పాఠకులకు విస్తృతంగా తెలిసింది యుద్ధం ముగిసి దశాబ్దాలు గడిచాక, అందులో ఉండి బతికినవాళ్ళు ముసలితనంలో చెబితేనే.